ముత్తవ్వ డబ్బాపొయ్యి

నిజాంసాగర్ కాలువ నీళ్లు పారినాక బోధన్ చుట్టూ ఎటు చూసినా చెరుకే. కొత్తగా పెట్టిన చక్కెర ఫ్యాక్టరీకి అది మొదటి కోతల కాలం. మాక్లూర్ నుంచి ముప్పై మంది ముఠా కట్టుకొని వచ్చి, చేని గట్టునే ఎండిన చెరుకు ఆకుతో గుడిసెలు వేసుకున్నారు. ఒక చేను కోయగానే గుడిసెలు విప్పుకొని పక్క చేనికి మారాలి.

ముఠాకు పెద్ద లింబయ్య. మనిషి చెడ్డవాడు కాడు గానీ నిప్పంటే వణుకు. వచ్చిన మూడో రోజే ఎవరి రాళ్లపొయ్యి నుంచో రవ్వ లేచి ఒక గుడిసె బూడిదైంది. ఆ పూటే హుకుం చేశాడు. ఇక గుడిసె ముందర ఎవరూ పొయ్యి వెలిగించొద్దు. అందరూ పిండి తీసుకుపోయి తన భార్య దేవవ్వకు ఇవ్వాలి. ఆమె కాలువ ఒడ్డున తడినేల మీద పొద్దున్నే రొట్టెలు చేస్తుంది. రెండు పూటలకూ అవే.

మిగతావాళ్లు గొణుక్కుంటూనైనా సర్దుకున్నారు. ముత్తవ్వకు సర్దుకునే వీలు లేదు. ఆమె వెంట అత్త ఈరవ్వ వచ్చింది. ముత్తవ్వ మొగడు పోయి ఆరేళ్లు. అప్పటినుంచి ఆ ఇంట్లో వాళ్లిద్దరే. ముసలామెను ఒక్కదాన్ని విడిచి రాలేక తోలుకొచ్చింది. ఈరవ్వ నోట్లో పన్ను లేదు. పొద్దున చేసిన జొన్నరొట్టె మధ్యాహ్నానికి తోలులా బిగుస్తుంది. నీళ్లలో నానబెట్టుకొని మింగితే కడుపునొప్పి. వారం తిరక్కముందే ఆమె దవడలు లోపలికి పోయినాయి.

సోమవారం ముత్తవ్వ లింబయ్య దగ్గరికి పోయింది.

"పూటకింత మెత్తగ జొన్నగట్క ఉడకేసుకుంటనన్నా. మంట ఆరేదాక పక్కనే కూసుంట."

"నీకొక్కదానికి ఒప్పుకుంటె ముప్పై మంది వస్తరు. శుక్రవారం పిండికి మనూరికి బండి పోతది. అవ్వను అండ్ల ఎక్కియ్యి."

"ఇంటికాడ ఎవలున్నరు?"

"వాడకట్టు లేదా?"

వాడకట్టు ఉంది. అడిగితే ఇంత పెడతారు, అడగకపోతే మరిచిపోతారు. ఈరవ్వ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. బండెక్కించడమంటే ఏమిటో ముత్తవ్వకు తెలుసు.

"నీకు నిప్పుతోనా కొట్లాట, నాతోనా?" అన్నది.

"నిప్పుతోనే."

"అట్లయితె సూస్త."

ముత్తవ్వతో జోడీగా చెరుకు కోసే గంగుబాయి దగ్గర నీళ్లకు తెచ్చుకున్న ఖాళీ కిరసనాయిలు డబ్బా ఒకటి ఉంది. అడుగు కారుతుందని మూల పడేసింది. ముత్తవ్వ దాన్ని అడిగి తెచ్చుకుంది. చెరుకు కోసే కత్తి మొనతో డబ్బా పక్కన, అడుగుకు నాలుగు వేళ్ల పైన, చదరంగా నోరు కోసింది. కోసిన రేకును ఊడదీయకుండా ముందుకు వంచింది. పుల్లలు తోసేటప్పుడు నిప్పు రాలినా దాని మీదే ఆగుతుంది. నోటి కింద గాలికి చిన్న బెజ్జం పెట్టింది. రెండింటికీ నడుమ విరిగిన కొడవలి ముక్కలు మూడు అడ్డంగా దూర్చింది. పుల్లలు వాటి మీద కాలాలి, బూడిద కిందికి రాలాలి. లోపల రెండు వేళ్ల మందం మట్టి మెత్తకపోతే రేకు ఎర్రగా కాలి చిల్లులు పడుతుంది. అందుకని గుప్పెడు చెరుకుగడలు కట్టగట్టి డబ్బా నడుమ నిలబెట్టి, చుట్టూ మట్టి కూరింది. మట్టి బిగిసినాక గడలు లాగేస్తే మంట పైకి పోవడానికి దారి మిగులుతుంది.

అంతా సరిగానే చేసింది. మట్టి దగ్గర పొరపడింది. మాక్లూర్‌లో తన ఇంటి పొయ్యిలన్నీ చెల్క ఎర్రమట్టితో వేసిన చెయ్యి అది. ఇక్కడ కాలి కింద ఉన్నది నల్లరేగడి అని తెలిసీ, అదే లెక్కన నీళ్లు పోసి కలిపింది. బుధవారం పొద్దున గడలు లాగేసరికి లోపలంతా నెర్రెలు. చెయ్యి పెడితే పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది.

"నీ పొయ్యికి దగ్గు పట్టింది గావచ్చు ముత్తవ్వా, మన్ను కక్కుతుంది," అన్నాడు అటుగా పోతున్న లింబయ్య. నలుగురు నవ్వారు.

ముత్తవ్వ పెచ్చులన్నీ గీకి పారేసి, గంప, పార తీసుకొని చేని కొసకు నడిచింది. అక్కడ తుమ్మపొదల నడుమ నడుమెత్తు పుట్ట ఉంది. పుట్టమన్ను ఎండినా నెర్రెలివ్వదు. వెనకాలే వచ్చిన గంగుబాయి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఏం జేస్తున్నవ్? పుట్టమన్ను లగ్గాలకు తెచ్చేది. డప్పు లేదు, పసుపు కుంకుమ లేదు."

"ఎవలు తెస్తరు లగ్గానికి?"

గంగుబాయి పట్టుకున్న చెయ్యి వదిలేసింది. ఐదుగురు ముత్తైదువలు తెస్తారు. మొగడు పోయినవాళ్లను ఆ దరిదాపుకు పిలవరు.

"ఆరేండ్లయె, నన్నెవ్వలు పిలిశింది లేదు," అన్నది ముత్తవ్వ. "ఇయ్యాల ఎవలు పిలవకున్న వచ్చిన. లగ్గపు పొయ్యికి పనికొచ్చే మన్ను మా అత్త పొయ్యికి ఎందుకు పనికి రాదో ఆ పుట్టనే చెప్పమను."

పాత బొరియలను వదిలి, ఓ పక్క నుంచి గంపెడు తవ్వింది. గంగుబాయి ముందుకొచ్చి గంప నెత్తికెత్తింది.

పుట్టమన్నులో ఊక కలిపి, కాలితో తొక్కి, చేతికి వెన్నలా జారేదాకా పిసికి, గడలు మళ్లీ నిలబెట్టి డబ్బాలో మెత్తింది. ఈసారి పైన మూడు గడ్డలు కూడా పెట్టింది. కుండ వాటి మీద కూర్చుంటుంది, సందుల్లోంచి పొగ పోతుంది. గురువారం రొట్టెలయ్యాక డబ్బాను కాలువ ఒడ్డున దేవవ్వ పొయ్యి పక్కన ఆరబెట్టింది. దేవవ్వ దాని దిక్కు చూసింది. కాలుతున్న కట్టె నుంచి నిప్పులు కొన్ని డబ్బా వైపు జరిపింది.

శుక్రవారం పొద్దున బండి వచ్చి నిలబడింది. లింబయ్య వచ్చేసరికి ముత్తవ్వ గుడిసె ముందర డబ్బాపొయ్యి మీద కుండ ఉంది. కందికట్టె పుల్లలు నాలుగు లోపల కాలుతున్నాయి.

"ఆర్పెయ్," అన్నాడు.

"గట్క ఉడుకుతుంది."

"గాలెట్ల కొడుతుందో సూసినవా?"

ముత్తవ్వ లేచింది. గుడిసె కప్పు నుంచి ఎండిన ఆకు రెండు పిడికిళ్లు లాగి, డబ్బా చుట్టూ పరిచింది. మళ్లీ ఇంకో రెండు పిడికిళ్లు పరిచింది. ఆ ఆకు మీదనే, మంట పక్కన, మఠం వేసుకొని కూర్చుంది. చుట్టూ చేరినవాళ్లలో ఒకామె వెనక్కి జరిగింది.

"రవ్వ పడితె ముందు నా చీరె అంటుకుంటది. తర్వాత నీ చెరుకు. నిలబడి సూడు."

లింబయ్య నిలబడలేదు, గొంతుకూర్చున్నాడు. గాలి ఆకును కదిలించింది గానీ మంట డబ్బా దాటి రాలేదు. పుల్ల కొన నుంచి ఒక నిప్పు రాలి, వంచిన రేకు మీద పడి నల్లబడింది. అతను డబ్బా పక్కకు అరచెయ్యి ఆనించి చూశాడు. తీసేసుకోవాల్సినంత వేడి లేదు. తప్పేదైనా దొరుకుతుందేమోనని అడుగుకు వంగి చూశాడు.

"ఒక్కటైతె నువ్వు కాపలా కూసుంటవు," అన్నాడు చివరికి. "రేపు అందరు చేస్తరు."

"చెయ్యనియ్యి," అన్నది వెనక నుంచి దేవవ్వ. పిండి చేతులతో అట్లాగే వచ్చింది. "పొద్దుపొడుపు కాకముందే అరవై రొట్టెలు కొడుతున్న. నా రెట్టలు గుంజుతున్నయి, ఎన్నడన్న అడిగినవా?"

అందరి ముందర భార్య అంత మాట అంటుందని లింబయ్య అనుకోలేదు. బండివాడు పగ్గాలు పట్టుకొని, "ముసలవ్వ వస్తదా, రాదా?" అని అడిగాడు.

ముత్తవ్వ ఆకు మీది నుంచి లేచింది. కుండ దించి, పళ్లెంలో గట్క వేసి, మజ్జిగ పోసి, చల్లార్చి గుడిసెలోకి తీసుకుపోయింది. అందరికీ వినబడేటట్టు ఈరవ్వ గొంతు వచ్చింది.

"ఉప్పు తక్కువయింది."

బయట నవ్వులు లేచాయి. లింబయ్య నవ్వకుండా లేచి, బండివాడికి పొమ్మని చెయ్యి ఊపాడు. బండి ఉత్తదే పోయింది.

"గాలి మళ్లి రవ్వ లేసిందంటె, ఆ డబ్బను నేనే వచ్చి తంత," అన్నాడు గుడిసెలోకి వినబడేలా.

ముత్తవ్వ ఉప్పు కోసం బయటికి వచ్చింది.

"తన్నంగ చెప్పులేసుకొని రా అన్నా," అన్నది. "రోజు రెండు పూటల అది వేడి మీదనే ఉంటది."