హార్గన్ సంతకం

హాస్టల్ గేటు దగ్గర, మెస్సు పనిమనిషి లింగమ్మ చేతిలోని టిఫిన్ గిన్నె వార్డెన్ లాక్కుని నేల మీద బోర్లించాడు. అందులో ఉన్నది వంట గుండిగ అడుగున మిగిలిన అన్నం, మాడిన పప్పు. మెస్సులో పనిచేసేవాళ్ళు మిగిలింది మాణికేశ్వర్ నగర్‌లోని తమ ఇళ్ళకు పట్టుకుపోవడం హాస్టల్ తెరిచిన నాటినుంచీ ఉన్న వాడుకే. ఆ రోజు అది దొంగతనమయింది. ఎందుకో అందరికీ తెలుసు. ముందురోజే పనివాళ్ళు సంఘం పెట్టుకున్నారు. మొదటి వేలిముద్ర లింగమ్మది.

"మెస్ సెక్రటరీవి నువ్వేగా. సాక్షి సంతకం పెట్టు," అన్నాడు వార్డెన్, దొంగతనం ఫిర్యాదు కాగితం పరిశోధక విద్యార్థి బుచ్చిరాములు ముందుకు చాపి.

బుచ్చిరాములు పెట్టాడు. వాళ్ళింట్లో బడికి పోయినవాడు అతనొక్కడే. హాస్టల్ సీటు పోతే పరిశోధన పోయినట్టే. లింగమ్మ తిట్టలేదు. "మంచిది సారూ," అంది. అతనికి జ్వరమొస్తే గదికి గంజి తెచ్చిన మనిషి. నిన్నటిదాకా "బిడ్డా" అనే పిలిచేది.

సాయంత్రం తార్నాక చౌరస్తాలో, చాయ్ హోటల్ వెనక, పనివాళ్ళంతా కూడారు. బుచ్చిరాములు అక్కడికి వెళ్ళకుండా ఉండలేకపోయాడు. వంటమనిషి సామేలు ముందుగా చూశాడు.

"అగో, సాక్షి సాబ్ వచ్చిండు! చాయ్ ఇయ్యుండ్రి. సంతకం పెట్టించుకొని ఇయ్యుండ్రి."

అందరూ నవ్వారు.

"ఊకోండ్రి," అంది లింగమ్మ. "సారూ, నీ హార్గన్ కత నడుమల ఆపినవ్. ఆఖరుకు ఏమాయె?"

అతను పరిశోధన చేస్తున్నది ఆ హార్గన్ మీదే. కరువుకు ఐర్లండ్ విడిచి ఓడ ఎక్కిన కూలీ. అమెరికాలో ఇటుకలు మోశాడు, రేవులో మూటలెత్తాడు, తోటి కూలీల ఓట్లతో నగరసభలో కూర్చున్నాడు. వంటింటి గడప మీద కూర్చుని ఆ కథ చెబుతుంటే వీళ్ళు "మనోడే" అని మురిసిపోయేవాళ్ళు. అతను అక్కడే ఆపేసేవాడు. తర్వాతి అధ్యాయం రాయడానికీ చెయ్యి ఆడలేదు.

"రేవు కూలీలు సమ్మె చేసిండ్రు," అన్నాడు తల వంచుకుని. "పోలీసుల్ని పిలిచేటందుకు మేయర్ కాగితం తెచ్చిండు. హార్గన్ సంతకం పెట్టిండు. ముగ్గురు సచ్చిండ్రు. అండ్ల ఒకడు ఆయనతోని ఒక్క ఓడల వచ్చినోడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అటెనక?" అంది లింగమ్మ.

"పెద్దోడయిండు. ఆయన పేరు మీద సడక్ ఉన్నది."

"నీకు సుత ఏస్తరులే," అన్నాడు సామేలు. "తార్నాక నుంచి హాస్టల్ దాంక."

బుచ్చిరాములు లేచి నిలబడ్డాడు. "తప్పయింది. నా సంతకం వాపస్ తీసుకుంట."

"ఇంకొకనితోని పెట్టిస్తడు," అంది లింగమ్మ. "రేపు అందరం గిన్నెలు నింపుకొని, మూతలు తీసి, గేటు కాడికి పోదాం. ఎంతమందిని దొంగలంటడో సూద్దాం."

మర్నాడు మధ్యాహ్నం బుచ్చిరాములు మెస్సులో బల్ల ఎక్కాడు. "లింగమ్మ దొంగతనం చెయ్యలే. నేనే సీటు పోతదని భయపడి అబద్ధం మీద సంతకం పెట్టిన," అన్నాడు. చాలామంది తలెత్తకుండా పెరుగన్నం కలుపుకున్నారు. నలభై మంది మాత్రం కంచాలతో లేచారు.

గేటు దగ్గర పోలీసు జీపు సిద్ధంగా ఉంది. మూతల్లేని గిన్నెలతో ఇరవై ఆరుగురు పనివాళ్ళు, వెనక కంచాలతో విద్యార్థులు. ఇన్‌స్పెక్టర్ కాగితం విప్పాడు.

"ఇందులో సాక్షి ఎవరు?"

వార్డెన్ వేలు చూపించాడు. బుచ్చిరాములు అన్నం గిన్నె పట్టుకుని ముందుకొచ్చాడు.

"సాక్షిని కాదు సార్. దొంగల్లో రాసుకోండి."

కానిస్టేబుల్ అతని రెక్క పట్టి జీపు వైపు లాగాడు. గిన్నె ఒరిగింది. లింగమ్మ వరసలోంచి అరిచింది:

"గిన్నె పైలం బిడ్డా! మేం సుత వస్తున్నం. ఠాణాల అందరం తిందాం!"