తల కనబడని బోల్టు

కొత్త ఉద్యోగంలో చేరాల్సింది సోమవారం పొద్దున్నే. ఆ బడి ఊరికి అవతల గుట్ట మీద ఉంది, అటు బస్సు పోదు. పిల్లలు పెద్దయ్యేదాకా ఇంటిపట్టునే ఉండిపోయిన తనకు లెక్కల టీచరు పని దొరకడమే గొప్ప అని ఆమె సంబరపడుతుండగా, బ్రేకు తొక్కినప్పుడల్లా కారు కీచుమనడం మొదలుపెట్టింది. గుట్ట దిగే దారిలో అలాంటి కారు నడపడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. గ్యారేజీవాళ్లేమో పై వారం రమ్మన్నారు.

"బ్రేకు ప్యాడ్లు మార్చడమే కదా, ఆదివారం నేను చేసిపెడతాలే," అన్నాడు భర్త. ఆయన బ్యాంకు ఉద్యోగి. ఇంట్లో కుళాయి కారినా, తలుపు కిర్రుమన్నా ఆయనే చూసుకుంటాడు గనక ఆమె సరేనంది.

ఆదివారం ఎడమ చక్రం పని నల్లేరు మీద బండిలా సాగింది. జాకీతో ఎత్తి చక్రం ఊడదీసి, సిమెంటు నేల మీద వెల్లకిలా పడుకుని, ప్యాడ్ల చట్రాన్ని పట్టి ఉంచే రెండు బోల్టుల తలలు ఎదురుగా చూస్తూ విప్పాడు. పాత ప్యాడ్లు తీసి కొత్తవి పెట్టాడు. లేచేసరికి నడుము పట్టేసింది. అందుకని కుడి చక్రం దగ్గర పడుకోకుండా పీట వేసుకుని కూర్చుని, బ్రేకు డిస్కు వెనక్కి చేయి పోనిచ్చి, పై బోల్టుకి తడుముకుంటూ పానా తగిలించాడు. అది కదల్లేదు.

"ఇదీ పట్టేసింది," అన్నాడు నడుము మీద చెయ్యి వేసుకుని.

"మీ ఇద్దరిలో ఎవరికి ముందు నూనె రాయమంటారు?" అంది ఆమె.

ఆయన నవ్వలేదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టాడు, మళ్లీ తిప్పాడు. సుత్తితో పానా మీద రెండు దెబ్బలు వేశాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఆ బోల్టు ఏ రాజుకీ లొంగేలా లేదు. చివరికి బావమరిదికి ఫోను చేశాడు.

ఆమె తమ్ముడు నీళ్ల గొట్టం ముక్క ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏం బావా, అది బోల్టా, మీ బ్యాంకు లాకరా? ఇద్దరు వచ్చి తిప్పితే గానీ తెరుచుకోదా?"

"నోటికి కాదురా, చేతికి పని చెప్పు."

"అందుకేగా ఇది తెచ్చింది. పానాకి ఈ గొట్టం తొడిగి ఒక్క తోపు తోశామంటే, తాతలనాటి తుప్పయినా దిగిరావాల్సిందే."

"విరిగితే?" అంది ఆమె.

విరిగితే తల ఊడి చేతికొస్తుంది, మొండెం లోపలే ఉండిపోతుంది. డ్రిల్లు పెట్టి తవ్వి తీయడం ఇంట్లో అయ్యే పని కాదు. రేపు పొద్దున్నే కారు కదలదు. చేరాల్సిన రోజే రాలేనని హెడ్మిస్ట్రెస్‌కి ఏ మొహంతో చెప్పాలా అని ఆమె అప్పుడే లోలోపల మాటలు కూర్చుకుంటోంది.

"విరగదులే అక్కా," అని తమ్ముడు గొట్టం తొడిగాడు. "తొయ్యి బావా, ఎడమకే."

ఆ మాట ఆమె చెవిలో పడింది. ఎడమకి. ఎవరి ఎడమకి?

"ఆగండి," అంది. "ఒక్క నిమిషం దాన్ని ముట్టుకోకండి."

ఫోను లైటు వేసుకుని, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, కారు ముందువైపు నుంచి డిస్కు వెనక్కి వంగి చూసింది. బోల్టు తల ఇంజను వైపు తిరిగి ఉంది. భర్త దాని వీపు వైపు కూర్చుని ఉన్నాడు.

"ఒరేయ్, నువ్వు కాలేజీలో చేరేటప్పుడు నేను కుట్టిన చొక్కా గుర్తుందా?"

"మర్చిపోతానా? రెండూ ఎడమ చేతులే. దాన్ని దాచుకోవడానికి ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకున్నాను."

"బట్ట తిరగేశానో లేదో చూసుకోకుండా కత్తిరించాను. తిరగేస్తే ఎడమ కుడవుతుంది. ఏమండీ, అది మీకు వీపు చూపిస్తోంది. మీ ఎడమకి తిప్పితే దానికది కుడి."

భర్త పానా వదిలేశాడు. గాలిలో చూపుడువేలు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసుకున్నాడు.

"అంటే పొద్దుటినుంచీ నేను దీన్ని బిగిస్తున్నానా?"

తమ్ముడు గొట్టం పట్టుకునే కింద కూలబడ్డాడు. "తాళం వేస్తూ, తలుపు తెరుచుకోవట్లేదని గోల పెట్టావన్నమాట. పైగా సాయానికి నన్ను కూడా పిలిచావు."

"నువ్వూ ఎడమకే తొయ్యమన్నావు," అన్నాడు భర్త. ముగ్గురూ నవ్వారు. ఆయన ఒక చేత్తో నడుము పట్టుకుని మరీ నవ్వాడు.

"సరే, ఇప్పుడు అటు తోద్దాం," అని తమ్ముడు గొట్టం ఎత్తబోయాడు.

"గొట్టం వద్దు. తెగేదాకా లాగొద్దని ఊరికే అన్నారా? అసలే తుప్పు, ఆపైన మీ బావ బలం. దాన్ని కాసేపు నాననివ్వండి."

స్ప్రే మళ్లీ కొట్టి, టీ పెట్టుకుని తాగారు. తర్వాత భర్త బోల్టు తల మీద సుత్తితో మెల్లగా తట్టి, పానా ఈసారి కుడికి నొక్కాడు. కదల్లేదు. ఇంకాస్త నొక్కాడు. కిర్రుమని వెంట్రుకవాసి కదిలింది. "ఇక వెనక్కి," అంది ఆమె. కొంచెం వదులు, కొంచెం బిగువు, మళ్లీ కొంచెం వదులు. మొండిపిల్లాడికి అన్నం తినిపించినట్టు బుజ్జగిస్తూ తిప్పగా తిప్పగా, ఎర్రటి తుప్పు రాలుస్తూ బోల్టు చేతిలోకి వచ్చేసింది. కింది బోల్టు మారాం చెయ్యకుండా ఊడింది.

ఆమె పై బోల్టును వెలుతురులో పెట్టి చూసింది. మెడ దగ్గర సన్నగా సాగి ఉంది, మరలు ఒక పక్కకి ఒరిగాయి.

"తుడిచి పెట్టేస్తే సరిపోదూ?" అన్నాడు భర్త ఆశగా.

"సరిపోదు. రేపు ఆ గుట్ట దిగేది నేను."

తమ్ముడు బోల్టు జేబులో వేసుకుని, సగం షట్టరు దించిన విడిభాగాల కొట్టుకి పరుగెత్తి, అచ్చం అలాంటిదే కొత్తది తెచ్చాడు. కొత్త ప్యాడ్లు పెట్టాక, ఈసారి భర్త తిప్పేముందు, "దాని కుడికి," అని పైకి అనుకుని మరీ బిగించాడు.

చక్రం ఎక్కించి, బ్రేకు గట్టిపడేదాకా పెడలు తొక్కి చూసుకున్నాక, ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. భర్త పక్కన, తమ్ముడు వెనక. వీధి చివరి ఏటవాలు దాకా వెళ్లి, అక్కడ కాలు మెత్తగా బ్రేకు మీద వేసింది. కీచు లేదు, కుదుపు లేదు. ఆమె గుండెల మీంచి రేపటి బరువు దిగిపోయింది.

"అక్కా, ఆ చొక్కా ఇంకా నా పెట్టెలోనే ఉంది. బావకి సరిగ్గా సరిపోతుంది," అన్నాడు తమ్ముడు.

కారు ఆగింది గానీ, ఇంటికి తిరిగొచ్చేదాకా తమ్ముడి నోరు ఆగలేదు.