చెవులతో చూసే ఆట

సదానందం బ్లేడును రెండు ముక్కలు చేసి, ఒకటి కత్తిలో బిగించి, రెండోది కాగితంలో మడిచి పెట్టాడు. దువ్వెనలు కడిగాడు, అద్దం తుడిచాడు. ఆదివారం, అందులోనూ ఇండియా మ్యాచ్ ఉన్న ఆదివారం, అయినా రెండు కుర్చీలూ ఖాళీ. చెన్నూరులో ఎదురుగా కొత్త సెలూన్ పెట్టి గోడకు పెద్ద టీవీ తగిలించినప్పటి నుంచి కుర్రాళ్లంతా అటే. ఇంకొన్నాళ్లు ఇలాగే గడిస్తే షట్టరు దించి, మంచిర్యాలలో ఎవరి దుకాణంలోనో జీతానికి నిలబడాలి. యాభై దాటాక, సొంత కుర్చీలున్నవాడికి, అంతకు మించిన నామోషీ లేదు.

అందుకే ఇవాళ టీవీ కొని తీరాలనుకున్నాడు. ఆత్రం ఎంతంటే, కేబుల్ తీగ నిన్ననే లాగించి గోడకు వేలాడదీశాడు.

“ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది నీ కథ,” అని భార్య దేవవ్వ నవ్వింది. సదానందం సిగ్గుపడ్డాడు గాని తీగ తీయలేదు.

నిజాముద్దీన్ దుకాణంలో రెండు తెరలు పక్కపక్కనే వెలుగుతున్నాయి. ఒకటి కంప్యూటర్ మానిటర్. వెడల్పుగా, తేటగా ఉంది, ధర కూడా తక్కువ. రెండోది చిన్న టీవీ. బొమ్మ కాస్త మసక, కాని లోపల స్పీకర్లున్నాయి. సదానందం దీని దగ్గరి నుంచి దానికి, దాని దగ్గరి నుంచి దీనికి తిరిగాడు. పెళ్లిచూపుల్లో అక్కాచెల్లెళ్లిద్దరూ నచ్చినవాడి అవస్థ.

“మానిటరే తీస్కో అన్నా,” అన్నాడు నిజాముద్దీన్. “గీ ధరకు గింత పెద్ద బొమ్మ యాడ దొర్కదు. చిన్న డబ్బా తగిలిస్తే మ్యాచ్ వస్తది. ఆవాజ్‌కు ఫికర్ చెయ్యకు, స్పీకర్ ఎనక తీస్కోవచ్చు.”

“నా కండ్లు ఎప్పుడు మంది గొంతుల మీదుంటయి భాయ్. ఆట నాకు చెవుల్నుంచే రావాలె. టీవే ఇయ్యి.”

నిజమే. కత్తి పట్టిన ఇన్నేళ్లలో ఆయన రేడియోలోనూ, జనం కేకల్లోనూ ఆట విన్నాడే తప్ప చూసింది లేదు.

ఆటో పిలుస్తానంటే వద్దని డబ్బా తనే మోసుకొచ్చాడు. దారిలో ఎడమ భుజం లాగితే బరువుకేమో అనుకున్నాడు.

ముందుగోడంతా అద్దమే కాబట్టి టీవీ కుర్చీల వెనక గోడకు ఎక్కింది. చప్పుడు విని కుర్రాళ్లు తొంగిచూశారు. ఒకడు కుర్చీలో కూర్చుని అద్దంలోకి చూసి పగలబడి నవ్వాడు.

“మామా, స్కోర్ ఉల్టా కనవడ్తంది గదా.”

సదానందం ముఖం వాడిపోయింది. అంతలోనే కుర్చీని గిర్రున గోడవైపు తిప్పాడు.

“నీకు అద్దమెందుకు? నీ మొఖం నాకెర్కలేదా?”

ఆ మాట బజారంతా పాకింది. బెంచీ నిండింది, గడప నిండింది. ఎదురు సెలూన్లోంచి కూడా ఇద్దరు లేచి వచ్చారు. అద్దానికి వీపు పెట్టి గడ్డం గీయించుకోవడం అందరికీ తమాషాగా ఉంది. సదానందం చేతులు పనిలో, చెవులు ఆటలో ఉన్నాయి. ఫోర్ అని వినగానే గొంతు మీది కత్తి పైకి లేచి, చప్పట్లు ఆగాక కిందికి దిగేది. ఇంత సంతోషం ఆయనకు పెళ్లినాడు కూడా లేదు.

చివరి ఓవర్లు వచ్చేసరికి పాత గిరాకీ బుచ్చిరాములుకు ఒక చెంప పూర్తయింది. ముసలాయన చేయి ఎత్తి ఆపాడు.

“జర కూసో సదానందం. ఆట ఒడ్సినంక గీద్దువు. ఎన్నడన్న కండ్లతోటి సూసినవా?”

పక్క కుర్చీ అప్పుడే ఖాళీ అయింది. గిరాకీ కుర్చీలో కూర్చోవడం సదానందానికి అదే మొదటిసారి. జంకుతూ కూర్చుని, భుజం రుద్దుకుంటూ తెరకేసి చూశాడు.

“మంచిగ కనవడ్తంది,” అన్నాడు మెల్లగా.

సిక్సర్ పడింది. దుకాణం దద్దరిల్లింది. “గెల్చినం,” అంటూ బుచ్చిరాములు అతని మోకాలి మీద తట్టాడు. మళ్లీ తట్టాడు. సదానందం కళ్లు తెర మీదే ఉన్నాయి, చూపు లేదు. ఎవరో టీవీ ఆపారు. బుచ్చిరాములు సగం గీసిన గడ్డంతోనే లేచి అతని రెప్పలు మూశాడు.

అద్దం కింద గిన్నెలో బ్రష్షు నిలబడే ఉంది, దాని నురుగు ఇంకా ఆరలేదు.