పిట్ట పెట్టిన ఆప్షన్లు

ఆ బడిలో పిల్లలంతా ఆవిడను ఫారాల టీచరు అనేవారు. అసలు చెప్పాల్సింది లెక్కలు. కానీ పదేళ్ళ కిందట ఏ ముహూర్తాన హెడ్మాస్టరు "చివరి తరగతి పిల్లల కాలేజీ దరఖాస్తులు కాస్త చూసుకోండి" అన్నాడో గానీ, లెక్కలు వెనక్కిపోయి ఫారాలు ముందుకొచ్చాయి. ఏ కాలేజీలో ఎన్ని మార్కుల దగ్గర సీటు ఆగిపోతుందో, ఏ కోర్సుకు ఏ కాగితం జత చెయ్యాలో ఆవిడకు కంఠతా వచ్చు. మెట్ల కింద చిన్న గది, పాత కంప్యూటరు, మోచెయ్యి ఆనించడానికి కూడా చోటివ్వని కాగితాల దొంతరలు, ఇదీ ఆవిడ రాజ్యం. అక్కడ ఆవిడ మాటకు తిరుగులేదు. అదే కొంప ముంచింది.

పిల్లలు పాస్‌వర్డు పెట్టుకోవడమంటే మర్చిపోవడమే. అందుకని ఆవిడ ఒక చిట్కా కనిపెట్టింది. అందరికీ ఒకే మాట, దాని చివర ఎవరి రోల్ నంబరు వాళ్ళకు. పిల్లలకు తెలుసు, తల్లిదండ్రులకు తెలుసు, ఆవిడకు సరేసరి. "దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందండీ" అని హెడ్మాస్టరు ఒకటి రెండుసార్లు గొణిగాడు. "మర్చిపోయి ఆఫీసుల చుట్టూ తిరిగేకంటే నయం కదండీ" అని ఆవిడ కొట్టిపారేసింది.

ఆప్షన్ల పద్ధతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. పిల్లలు తమకు కావలసిన కోర్సులనూ కాలేజీలనూ వరసగా పెట్టుకోవాలి. ఆ వరసను పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, మార్కులకు మొదట ఏది అందితే అది ఇచ్చేస్తారు. అంటే వరసే ప్రాణం. అన్నీ సరిచూసుకున్నాక లాక్ అనే బొత్తాం నొక్కాలి. నొక్కితే మళ్ళీ మార్చుకోవడానికి లేదు. నొక్కకపోతే ఆ జాబితా చెల్లనే చెల్లదు. గడువు ఆ రోజు సాయంత్రం ఐదు గంటలు.

"మూడింటిదాకా ఎవరూ లాక్ చెయ్యకండి. ఈలోగా అందరివీ నేను ఒకసారి చూస్తాను" అని ఆవిడ ముందే చెప్పి ఉంచింది. నలభై రెండు మంది పిల్లలు. ఒక్కొక్కరి పేజీ తెరిచి తన దగ్గరున్న కాగితంతో పోల్చుకుంటూ వస్తోంది. రెండు గంటల పది నిమిషాలకు ముప్ఫై రెండో పేరు వచ్చింది. పిట్ట.

పిట్ట బస్సు డ్రైవరుగారమ్మాయి. మనిషి పిట్టంత, మాట అంతకన్నా చిన్నది, మార్కులు మాత్రం బడి మొత్తానికి మొదటివి. కిందటి నెల తండ్రీ కూతుళ్ళను కూర్చోబెట్టుకుని, రెండు గంటలు తలలు బద్దలు కొట్టుకుని ఆవిడే వరస తయారుచేసింది. అన్నిటికన్నా పైన కంప్యూటర్ల కోర్సు, అదీ పేరున్న కాలేజీలో. "ఇదే కదమ్మా" అంటే పిట్ట తలూపింది. డ్రైవరుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇప్పుడు తెరమీద అది తొమ్మిదో వరసలో ఉంది. మొట్టమొదట భూగర్భ శాస్త్రం ఉంది. అదీ ఒక రోజంతా రైల్లో కూర్చుంటే గానీ చేరలేని ఊళ్ళో. రెండోదీ అదే చదువు, ఇంకో కాలేజీ. మూడోదీ అంతే.

ఫారాల టీచరుకు పైప్రాణాలు పైనే పోయాయి. ఇది ఆవిడకు కొత్త కాదు, అదీ అసలు భయం. రెండేళ్ళ కిందట ఒకమ్మాయి ఆప్షన్లను సొంత పిన్ని కూతురే కుళ్ళుకొద్దీ తారుమారు చేసింది. ఆ పిల్లకు ఏడాది పోయింది. కంప్యూటరు తప్పని అందరూ అనుకున్నారు, ఆవిడ అనుకోనిచ్చింది. నిజం చెబితే, పాస్‌వర్డు చిట్కా ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఆ సంగతి కడుపులోనే పెట్టుకుని, ఏడాది తిరిగేసరికి మళ్ళీ అదే చిట్కా పిల్లలకు పంచింది. మనిషికి అలవాటు అలాంటిది.

డ్రైవరుగారికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. బస్సు నడిపేటప్పుడు ఎత్తడు. పిట్టకు సొంత ఫోను లేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది.  ఈ పని చేసిందెవరైనా, ఇంకో గంటలో లాక్ కూడా నొక్కేస్తే? పిల్ల జీవితం రాళ్ళపాలు. ఇక ఆలోచించలేదు. తన కాగితం ముందు పెట్టుకుని, ఒక్కొక్క వరసా యథాస్థానానికి తెచ్చి, ఎవరి చెయ్యీ పడకుండా తానే లాక్ నొక్కేసింది. రెండూ ఇరవై అయిదు. అప్పటికి గానీ ఊపిరి తిరగలేదు. పిల్లను గండం గట్టెక్కించానని మంచినీళ్ళు తాగి, మిగిలిన పది పేర్లూ చూసేసింది.

నాలుగు గంటలకు పది నిమిషాలుందనగా పిట్ట వచ్చింది. పరిగెత్తుకుంటూ వచ్చినట్టుంది, గుమ్మం పట్టుకుని నిలబడింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"టీచర్, నా ఆప్షన్లు ఎవరో మార్చేశారు. లాక్ కూడా చేసేశారు."

"తెలుసమ్మా, చూశాను. కంగారు పడకు. నేను సరిచేసి..." అని ఆవిడ మొదలుపెట్టబోయింది. ఆ లోపే పిట్ట అందుకుంది.

"రాత్రి నేనే మార్చుకున్నాను టీచర్. రాళ్ళ చదువు మొదట పెట్టాను. ఇందాక నెట్ సెంటరుకెళ్ళి లాక్ చేద్దామని చూస్తే మళ్ళీ పాతవే ఉన్నాయి."

ఫారాల టీచరు కుర్చీలోంచి లేచింది. 

"నువ్వా? నువ్వెందుకు మార్చావు? ఆ రోజు తలూపావు కదే."

"మీరు, నాన్న అంత సంతోషంగా ఉంటే ఏం చెప్పమంటారు?" అంది పిట్ట. ఆ పిల్ల ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడగా ఆవిడ ఎప్పుడూ వినలేదు. "నాకు ఎనిమిదో తరగతి నుంచీ అదే ఇష్టం. ఎవరూ అడగలేదు. నాన్నే మార్చి ఉంటాడు. రాత్రి నేను నెట్ సెంటరుకు బయల్దేరుతుంటే, టీచరు పెట్టిన వరస ముట్టుకోకు అన్నాడు. ఇంకెవరికి తెలుసు? మీరు కాదుగా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ చెయ్యి దానంతటదే కాగితాల మీదికి పోయింది. వరస రాసిన కాగితం ఇంకా అక్కడే, పైనే ఉంది. దాన్ని బోర్లించింది. ఎందుకు బోర్లించిందో ఆవిడకూ తెలియదు.

ఎవరూ చూడలేదు. నిజానికి ఇప్పుడు ఊరుకుంటే సరిపోతుంది. తండ్రీ కూతురూ పోట్లాడుకుంటారు. రెండు నెలలకు సర్దుకుంటారు. పిల్లకు మంచి కోర్సే వస్తుంది, చెడ్డదేం కాదు కదా. ఇలాంటి మాటలు మనసు చెబుతూనే ఉంది, ఆవిడ వింటూనే ఉంది.

"నాన్నకి నాలుగింటికి డ్యూటీ దిగుతుంది" అంది పిట్ట. "బస్టాండులోనే అడుగుతాను. అందరి ముందే అడుగుతాను. మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళను."

 మెత్తటి పిల్లలు మొండికేస్తే ఎంతకైనా తెగిస్తారని ఆవిడకు తెలుసు. "కూర్చో. ముందు ఆఫీసుకు ఫోన్ చేద్దాం" అంది. నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది.

అడ్మిషన్ల ఆఫీసులో గుమాస్తా పొద్దుటినుంచీ ఇవే ఏడుపులు వింటున్నట్టుంది. మాట ముక్కలు ముక్కలుగా విసిరింది. "మనసు మారిందంటే తెరవమండీ. వేరేవాళ్ళు లాక్ చేశారని రాసిస్తే ఐదులోపు ఒక్కసారి తెరుస్తాం. చేసింది ఎవరో ఉత్తరంలో ఉండాలి. చేసినవాళ్ళ సంతకం, మీ హెడ్మాస్టరు సంతకం ఉండాలి. తర్వాత వాళ్ళ మీద విచారణ ఉంటుంది. ఎవరు చేశారు?"

ఫోను గట్టిగా వినిపిస్తుంది కాబట్టి పిట్ట అంతా విన్నది. ముందుకు వంగి మెల్లగా అంది. "మా నాన్న అని చెప్పండి టీచర్. తిట్టుకున్నా సంతకం పెడతాడు. నాకోసం ఏదైనా పెడతాడు."

"ఎవరు చేశారండీ? నాకు ఇంకో లైన్ ఉంది" అంది గుమాస్తా.

పాతికేళ్ళ ఉద్యోగం. ఇంకో ఆరేళ్ళకు పింఛను. విచారణంటే రెండేళ్ళ కిందటి పిల్ల కూడా బయటికొస్తుంది. అవన్నీ ఆవిడ కళ్ళముందు వరసగా నిలబడ్డాయి, ఏది ముందో ఏది వెనకో తేల్చుకునే తీరిక లేదు. 

"నేనేనండీ" అంది. "ఆ పిల్లకు దరఖాస్తులు చూసే టీచర్ని. మధ్యాహ్నం నేనే మార్చాను, నేనే లాక్ చేశాను. పిల్లకు తెలియదు. వాళ్ళ నాన్నకూ తెలియదు."

పిట్ట వైపు చూడటానికి ఆవిడకు ధైర్యం చాలలేదు.

హెడ్మాస్టరు ఉత్తరం రెండుసార్లు చదివాడు. "ఇది పంపితే ఆ గది మీకుండదు. ఉద్యోగం సంగతి నేను చెప్పలేను" అన్నాడు. "తెలుసండి, త్వరగా పెట్టండి" అంది ఆవిడ. ఆయన సంతకం పెట్టాడు. దొంగ, తాళాలు అని మళ్ళీ అనలేదు, అది ఆయన మంచితనం. ఉత్తరం ఫోటో తీసి పంపేసరికి నాలుగున్నర దాటింది. నాలుగూ నలభై నాలుగుకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

"తెరిచాం. కొత్త పాస్‌వర్డు ఆ అమ్మాయికే చెప్తాను. ఫోను తనకివ్వండి, మీరు వినకూడదు."

పిట్ట ఫోను చెవికి గట్టిగా అదుముకుని, అరచేతిలో ఏదో రాసుకుని పిడికిలి మూసింది. కుర్చీలో కూర్చుంది. కంప్యూటరు వైపు చూసింది గానీ ముట్టుకోలేదు. 

"టీచర్, నేను పెట్టింది తప్పయితే?"

పదేళ్ళలో పిల్లలు అడిగిన ఏ ప్రశ్నకూ ఆవిడ దగ్గర జవాబు లేకపోలేదు. "నాకు తెలీదమ్మా" అంది. "నాకూ భయంగానే ఉంది."

పిట్ట కుర్చీ ముందుకు లాక్కుంది. "మీరు బయట కూర్చోండి టీచర్" అంది. కోపంగా అనలేదు. తలుపు కూడా తనే వేసుకుంది.

బయట మెట్ల పక్కన బల్ల ఉంది. తమ వంతు కోసం పిల్లలు ఫారాలు పట్టుకుని కూర్చునే బల్ల అది. ఆవిడ ఎప్పుడూ దానిమీద కూర్చోలేదు. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి వచ్చేంత పొట్టిది. ఎదురుగా గోడ గడియారం నాలుగూ నలభై ఎనిమిది చూపిస్తోంది.

లోపలినుంచి చప్పుడు లేదు. నాలుగూ యాభై రెండు. ఇంకా చప్పుడు లేదు. వరస మార్చడానికి ఎంతసేపు పడుతుంది, రెండు నిమిషాలు. ఏడుస్తోందా? పాస్‌వర్డు తప్పు రాసుకుందా? ఐదు దాటితే ఆ రాళ్ళూ లేవు, ఈ కంప్యూటర్లూ లేవు, అసలు ఏ సీటూ లేదు. నాలుగూ యాభై ఆరుకు ఆవిడ లేచి తలుపు గడియ మీద చెయ్యి వేసింది. "అమ్మా, లాక్ ఎడంవైపు కింద ఉంటుంది" అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట మింగింది. చెయ్యి తీసి రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, మళ్ళీ వెళ్ళి ఆ పొట్టి బల్లమీద కూర్చుంది. 

ఐదుకు ఒక నిమిషం తక్కువగా తలుపు తెరుచుకుంది.

"నొక్కావా?" అంది ఆవిడ.

"నొక్కాను" అంది పిట్ట.

ఏది మొదట పెట్టావని ఆవిడ అడగలేదు. పిట్ట చెప్పలేదు. వాళ్ళ నాన్న డ్యూటీ దిగి గంటయింది, ఇంటికి వెళ్ళాలంటూ సంచీ భుజాన వేసుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "మా నాన్నకి మీరు చెప్పకండి టీచర్, నేనే చెప్తాను" అని వెళ్ళిపోయింది.