ఫైనల్ రోజు బీడీలు

మైదానం గోడ మీద పెంటప్ప జాగా ఖాళీగా ఉంది.

జోడ్‌భావి పేట్ అనే నేతవాడలో ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. కాలేజీ అమ్మాయిల ఖో-ఖో జట్టు ఆడుతుంటే పెంటప్ప గోడ మీద లేకపోవడం అంతవరకూ జరగలేదు. పవర్‌లూం మీద చద్దర్లు నేసే మనిషి. షిఫ్టు దిగగానే చెవుల్లోని దూది పీకేసి, ఇంటికి కూడా పోకుండా నేరుగా గోడెక్కేవాడు. అతనికి పిల్లల్లేరు. ఆ కాలేజీలో చదివిన చుట్టమంటూ ఒక్కడూ లేడు. జట్టు మాత్రం తనదే అనుకునేవాడు.

జట్టు ఎలా కట్టాలనే దాని మీద అతనికి గట్టి అభిప్రాయాలుండేవి. ఆట నేర్పే వసంత మేడం గోడ పక్కగా పోతే చాలు, అవి బయటికి వచ్చేవి.

"మేడం, మీరు అయిదేండ్లు కదలొద్దు. మొగపోరగాళ్ల జట్టు చూడున్రి. ఏడాదికొక సారు వస్తడు, ఏడాదికొక ఆట నేర్పుతడు. సగం నేసిన చద్దర్ ఇంకోని చేతికిస్తే అంచు కలుస్తదా?"

"నాకు పెండ్లి కుదిరితే ఏం చెయ్యాలె కాకా?"

"ఈ ఊరోన్నే చేసుకోర్రి."

మేడం నవ్వి ఈల ఊదేది. పెంటప్ప ఆగేవాడు కాదు.

"పుణెకెల్లి ఎవరో పోరిని తెస్తమన్నరంట ప్రిన్సిపాల్ సాబ్. వద్దనున్రి. బయటి పోరి కప్పు గెలుస్తది, మల్ల పోతది. మన గల్లీ పోరిలను తీస్కోర్రి. బీడీలు చేసే పోరిలు పొద్దుందాక కూసునే ఉంటరు. ఖో-ఖోల గూడ కూసునుడే గద, పిలిస్తే లేసుడే గద."

ఈ సిద్ధాంతం విని అతని భార్య చంద్రభాగ ఒళ్లోని బీడీల చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. "కూసుంటె కాళ్లు తిమ్మిరెక్కుతయి. మేం లేవాల్నంటే గోడ పట్టుకోవాలె. ఈయన జట్టు కడుతడంట, దేవా."

అయినా పక్కింటి రేణుక జట్టులోకి వచ్చింది. పెంటప్ప సిద్ధాంతం తప్పే. కానీ రేణుక విషయంలో అతని కన్ను తప్పలేదు. బి.ఏ. రెండో ఏడు. సన్నటి పిల్ల. స్తంభం దగ్గర ఒంటి చేత్తో తిరిగిందంటే ఎదుటి జట్టు అమ్మాయి ఎటు పోవాలో మరచిపోయేది. ఆ ఏడు, అంటే 1993లో, కాలేజీ మొదటిసారి ఫైనల్‌కు వచ్చింది.

ఫైనల్ మధ్యాహ్నం. పవర్‌లూంలకు సెలవు రోజు. పెంటప్ప పొద్దున్నే గడ్డం గీసుకుని, వేయించిన పల్లీలూ బెల్లమూ పొట్లం కట్టుకుని బయల్దేరాడు. జట్టుకు తిండి పెట్టాలనేది అతని ఇంకో అభిప్రాయం.

పక్కింటి గుమ్మంలో రేణుక కూర్చుని ఉంది. ఒళ్లో చేట. ఆట డ్రెస్సు తీగ మీద ఆరుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏందే, ఇంకా ఇక్కడనే ఉన్నవ్?"

లోపలి నుంచి ఆమె తల్లి సుందరాబాయి వచ్చింది. కుడి మణికట్టు వాచి గుడ్డ కట్టుకుని ఉంది. భర్త భివండీలో మగ్గాలు నడుపుతాడు. ఇక్కడ పొయ్యి వెలిగేది ఆమె బీడీల మీదనే.

"చెయ్యి లేస్తలేదు పెంటన్నా. రెండు దినాలాయె కార్ఖానాల బీడీలు ఇయ్యక. రేపు పొద్దుగాల తేకుంటే నా పని కార్డు వేరేదానికి ఇస్త అని గుమాస్తా నరసయ్య చెప్పి పంపిండు. ఇది చెయ్యకుంటె ఎవరు చేస్తరు?"

"ఇయ్యాల ఫైనల్ చెల్లె."

"ఫైనల్ పోతే మల్లొస్తది. కార్డు పోతే వస్తదా?"

దానికి పెంటప్ప దగ్గర అభిప్రాయం లేదు. పొట్లం గుమ్మం పక్కన పెట్టాడు. తరువాత చెప్పులు విడిచాడు.

"నేను చేస్త. పోరిని తోలు."

సుందరాబాయి అతని మొహంలోకి చూసింది. వాళ్ల వాడలో బీడీలు ఆడవాళ్ల పని. మగవాడు చేట ఒళ్లో పెట్టుకుంటే చూసినవాళ్లు నెల రోజులు నవ్వుకుంటారు.

"పరాచికమా అన్నా?"

"మా చంద్రభాగ పక్కన కూసుంటది. చెప్తది."

"ఆమె చేట ఆమెకు లేదా?"

"నోటితోని చెప్తది గద."

సుందరాబాయి ఎడమ చేత్తో కూతురి ఒళ్లోని చేట తీసి పెంటప్ప ముందు పెట్టింది. కూతురితో అంది: "పో. కానీ విను. రేపు ఈ బీడీలు కార్ఖానాల నడవకుంటే ఇగ మైదానం మొహం చూడొద్దు నువ్వు. ఇదే ఆఖరు."

రేణుక తీగ మీది డ్రెస్సు లాక్కుని, తడిది తడిగానే తొడుక్కుని పరుగెత్తింది. పెంటప్ప పొట్లాన్ని ఆమె వెనక విసిరాడు. ఆమె వెనక్కి చూడకుండానే పట్టుకుంది.

చంద్రభాగ తన చేటతో వచ్చి పక్కన కూర్చున్నాక, తలుపు సగం మూసుకుని పెంటప్ప పని మొదలుపెట్టాడు. ఆకులు రాత్రే కత్తిరించి తడిగుడ్డలో పెట్టి ఉన్నాయి. మొదటి బీడీ పొట్టేలు కొమ్ములా వంకర తిరిగింది. రెండోది నడుమ పగిలింది. చంద్రభాగ తన చేట మీంచి తల ఎత్తకుండా చెబుతూ పోయింది: తంబాకు తక్కువ పెట్టు, ఆకును బొటనవేలితో తోసుకుంటూ రా, మూతి మడువు, దారం కట్టు. మధ్యాహ్నానికి బీడీలు బీడీల్లా కనిపించసాగాయి.

"దారం మాత్రం మంచిగ కడుతున్నవ్," అంది చంద్రభాగ.

"ముప్పై ఏండ్ల సంది కట్టేది అదే గద."

అప్పుడు మైదానంలో ఈల వినిపించింది.

రెండు గల్లీల అవతలే మైదానం. పెంటప్ప వేళ్లు ఆగిపోయాయి. ఒక అరుపు. ఒక నిశ్శబ్దం. ఇంకో పెద్ద అరుపు. ఎవరు దొరికారు? మనవాళ్లా, వాళ్లా?

"పోయి చూసి రారాదు," అంది చంద్రభాగ మెల్లగా.

"ఈ కట్ట అయినంక."

కట్ట అయ్యాక ఇంకో కట్ట. ఈలలు వస్తూనే ఉన్నాయి. ప్రతి ఈలకూ పెంటప్ప దారాన్ని ఇంకాస్త గట్టిగా లాగి బిగించాడు. చివరి ఈల తరువాత పెద్ద కేరింత లేచింది. అది ఎటువైపుదో తెలియలేదు.

పొద్దు గుంకాక రేణుక వచ్చింది. మోకాలు చెక్కుకుపోయి ఉంది, జడలో మట్టి. పెంటప్ప చేట పక్కకు జరిపాడు. ఆమె అతని ఎదురుగా కూర్చుని, చేటలోంచి ఎనిమిది బీడీలు తీసి నేల మీద వరసగా పేర్చింది, ఒకటి అటు తిప్పి, ఒకటి ఇటు తిప్పి.

"ఇదిగో ఇది శాంత. ఇది నేను. చూడు మామా."

మొదటి ఈల నుంచి మొత్తం ఆట ఆడి చూపించింది. ఎవరు ఎక్కడ జారారో, ఎవరు ఎవరికి ఖో ఇచ్చారో. పెంటప్ప బోర్లా పడుకుని, గడ్డం చేతుల మీద పెట్టుకుని చూశాడు. గోడ మీంచి కూడా అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆఖరు నిమిషంలో ఆమె ఒక బీడీని స్తంభం చుట్టూ తిప్పి, ఇంకోదాన్ని తాకబోయి, వేలెడు దూరంలో ఆపేసింది.

"గంతే మామా. ఒక్క పాయింటు."

"వేలెడే గద," అన్నాడు పెంటప్ప. "వేలెడంటే ఓడినట్టు కాదు."

మర్నాడు పొద్దున్నే కార్ఖానా ముందు ఆడవాళ్ల వరస. సుందరాబాయి బుట్టను పెంటప్పే మోసుకొచ్చాడు. గుమాస్తా నరసయ్య ఒక కట్ట విప్పి, ఒక బీడీని వేళ్ల మధ్య తిప్పి, నొక్కి, అనుమానంగా వెలిగించి పీల్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి. పొగ రాలేదు. మళ్లీ పీల్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పానం పోతుంది గాని పొగ వస్తలేదు. ఎవరు కట్టిన్రు ముడి?"

చంద్రభాగ ఒక బీడీ లాక్కుని చూసి నుదురు కొట్టుకుంది. బీడీకి దారం రెండు చుట్లు చుట్టి, తేలిగ్గా ముడివేసి వదిలేయాలి. పెంటప్ప మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి వేశాడు. లాగేకొద్దీ బిగిసే ముడి. ప్రతి బీడీ గొంతూ నొక్కేశాడు.

"బీడీని గూడ మగ్గం మీదికి ఎక్కించినవా?" అంది. వరసలో నవ్వు లేచింది.

"ఇవి నడవయి," అన్నాడు నరసయ్య బుట్టను పక్కకు తోస్తూ. "కార్డు తీయి సుందరాబాయి."

నవ్వు ఆగింది. సుందరాబాయి వాచిన చేత్తోనే కొంగు ముడి విప్పసాగింది. ఆ ముడిలో కార్డుంది. పెంటప్ప బుట్టలోంచి తన కట్టలన్నీ తీసి సంచిలో వేసుకున్నాడు.

చంద్రభాగ తన బుట్టలోంచి రెండు కట్టలు తీసి సుందరాబాయి బుట్టలో వేసింది. ఆమె వెనకున్న ద్రౌపది సుందరాబాయిని అడిగింది, "నిన్న మోకాలు పగలగొట్టుకున్నది నీ బిడ్డనేనా?"

"అవునక్కా."

"నేను మైదానం గోడ సందులకెల్లి చూసిన. ఉరుకుడు సంగతి నాకెరుక లేదు. పడి మల్ల లేసింది." ద్రౌపది రెండు కట్టలు వేసింది. ఆమె వెనకామె వేసింది. బుట్ట వరస చివరిదాకా పోయి తిరిగి వచ్చింది.

నరసయ్య కట్టలు విప్పి నొక్కి చూశాడు. కట్టల లెక్క కార్డు మీద రాసి ఇచ్చాడు.

తిరిగి వచ్చే దారిలో పెంటప్ప కొంచెం వెనకగా నడిచాడు. నడవని బీడీలన్నీ అతని సంచిలోనే ఉన్నాయి.

"చెల్లె, తప్పైంది," అన్నాడు. "పోరి సంగతి..."

సుందరాబాయి ఆగింది. కార్డును మళ్లీ కొంగున ముడివేసుకుంది.

"వచ్చే ఏడు ఫైనల్ నాడు నువ్వు చేట ముట్టొద్దు పెంటన్నా," అంది. "పోయి గోడ మీద కూసో. బీడీలు మేం చూసుకుంటం."