ఆర్గాన్ చీటీ

"ఏమోనే, నాకు గుండె దడగా ఉంది. ఆ పెట్టె వల్ల ఎవరికైనా ఏమైనా అయితే?"

చీటీలు అంటించే బల్ల దగ్గర కూర్చుని తల్లి ఈ మాట అనడం పొద్దుటినుంచి నాలుగోసారి.

"నీకు కాకి అరిచినా దడేగా," అంది కూతురు, గొట్టం బిగిస్తూ. తల మాత్రం ఎత్తలేదు.

ఆ గదిలో ఫ్లో కంట్రోలర్లను సరిచూస్తారు. గొట్టంలో గ్యాస్ ఎంత పోవాలో అంతే వదిలే, అరచేతంత పెట్టెలవి. ఒక్కో గ్యాస్ వేడిని ఒక్కోలా మోసుకుపోతుంది. ఆ వేడిని బట్టే పెట్టె లెక్క చెబుతుంది. అందుకే ఏ గ్యాస్‌కి వాడతారో దానితోనే పట్టి చూడాలి. లేదంటే తేడా లెక్కగట్టి దిద్దాలి.

కిందటి నెల ఒకరోజు, వెల్డింగ్ షెడ్డుకి పంపాల్సిన పెట్టెను పట్టి చూసే వేళకి ఆర్గాన్ సిలిండర్ అయిపోయింది. సరుకు తీసుకెళ్లే బండి వాకిట్లో ఆగి ఉంది.

"నైట్రోజన్‌తో కానిచ్చెయ్యండి. గ్యాస్ గ్యాసేగా! కంటికి కనబడి చస్తుందా?" అన్నాడు యజమాని.

"పెట్టె పది లీటర్లు చూపిస్తే ఆర్గాన్ పద్నాలుగు పోతుంది సార్. కనీసం..." అని కూతురు మొదలుపెట్టగానే, బల్ల కింద తల్లి ఆమె తొడ గిల్లింది. కూతురి ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం ఆ వారమే సంతకానికి వెళ్లింది. సంతకమైతే అయింది గానీ, అప్పటినుంచి ఆ పిల్ల ఇంట్లో అవసరానికి మించి మాట్లాడటం లేదు.

ఇవాళ మధ్యాహ్నం ఆ వెల్డింగ్ షెడ్డు మేస్త్రీ వచ్చాడు. సంచిలోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది పది అంటుంది. పదికి సరిపడా ఫ్యాన్ పెట్టుకున్నాం. అయినా వెల్డింగ్‌కి ట్యాంకులో దిగినవాడు, లోపల ఆర్గాన్ నిండిపోయి, ఊపిరాడక పడిపోయాడు. బతికాడు లెండి. మాట ఇంకా తడబడుతోంది."

"మా దగ్గర తప్పుండదు," అన్నాడు యజమాని. " చీటీ చూసుకోవయ్యా! 'ఆర్గాన్‌తో సరిచూసినది.'"

"చూశా సార్. గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు. ఆ రాసినవాళ్లనే అడిగి పోదామని వచ్చా."

తల్లి చెవులు కాగిపోయాయి. ఏడో తరగతితో ఆగిన చదువులో ఆమె నలుగురికీ చూపించుకునేది ఆ దస్తూరీ ఒక్కటే. ఇప్పుడు దాన్ని కొంగుతో కప్పేయాలనిపించింది.

"ఈ అమ్మాయే రాసుంటుంది," అన్నాడు యజమాని, గడ్డంతో కూతురి వైపు చూపిస్తూ. "పర్మనెంట్ అయ్యాక ఇంకేం లెక్క వీళ్లకి?"

కూతురు కాదనలేదు. తల్లి వైపు చూడనైనా లేదు. స్పానర్ రెండు చేతులతో పట్టుకుని, దెబ్బకు వీపు ఒగ్గినదానిలా నిలబడింది. గొట్టంలో గ్యాస్ సన్నగా బుసకొడుతోంది. యజమాని గడియారం చూసుకున్నాడు, దగ్గాడు, కుర్చీ జరుపుకున్నాడు.

"అక్షరాలు నావి బాబూ," అంది తల్లి చివరికి. "సార్ రాయమన్నారు, రాశాను. పట్టి చూసింది మాత్రం నైట్రోజన్‌తో. పిల్ల చెప్పబోతే నోరు నొక్కింది కూడా నేనే."