ఎలుక కాదు, ఎలుగు

“కత్తి బల్ల మీద పెట్టు. తాళాలు కూడా,” అన్నాడు గ్రంథాలయం పెద్దసారు.

బైండరు కదల్లేదు. జిగురు అంటిన వేళ్లు ముడుచుకుని అక్క వైపు చూశాడు. ఆ గ్రంథాలయంలో పిల్లల విభాగం చూసుకునే లైబ్రేరియన్ అతనికి సొంత అక్క. చిరిగిన పుస్తకాలు కుట్టే ఈ పని ఇప్పించిందీ ఆవిడే.

బల్ల నిండా ‘సంతకెళ్లిన బుట్ట’ కాపీలు తెరిచి ఉన్నాయి. అట్ట మీద ‘బొమ్మలు: చీమ’ అని అచ్చు, పక్కనే ఆవగింజంత చీమ బొమ్మ. అన్నిటిలోనూ ఒకటే పేజీ మాయం.

“అదీ ఏ పేజీ? బుట్టలో ఎలుగు పేజీ! ఇవాళ బొమ్మలేసేవాళ్లు సగంమంది దాన్ని చూసి చెయ్యి దిద్దుకున్నవాళ్లే. మన గోడ మీద బొమ్మలేసిన అమ్మాయి కూడా అదే చెప్పింది. అమ్మితే, ఫ్రేము కట్టించుకోడానికి ఎగబడతారు,” అన్నాడు పెద్దసారు.

“మావాడు అలాంటివాడు కాదు సార్.”

“కోత చూడమ్మా. ఒక కాగితం పీకితే, మడతకి అవతలున్న దాని జత కాగితమూ ఊడిరావాలి. రాలేదు. కుట్టు పక్కన సన్నంగా అంచు వదిలి కోశాడు. చెయ్యి తిరిగినవాడి పని. మన దగ్గర చెయ్యి తిరిగినవాడు ఇంకెవడు?”

“పొగుడుతున్నారో తిడుతున్నారో తెలీట్లేదక్కా,” గొణిగాడు బైండరు.

“నోర్ముయ్ ఎలుగూ.” చిన్నప్పుడు బొద్దుగా ఉండేవాడని ఆవిడ పెట్టిన పేరది. ఆ పేజీ చూసే పెట్టింది.

“భోజనాల వేళకి దొంగ దొరక్కపోతే పోలీసులకి ఫోన్ చేస్తాను,” అనేసి పెద్దసారు తన గదిలోకి వెళ్లిపోయాడు.

పుస్తకాలు కోశాడన్న మాట ఒకసారి పడితే, తమ్ముడి చేతికి మళ్లీ ఎవరు పుస్తకం ఇస్తారు? ఆవిడ సొరుగు లాగి, అక్కాతమ్ముళ్లు చిన్నప్పుడు చదివిన కాపీని బయటికి తీసింది. దాన్ని తీసుకెళ్లి గుమ్మం దగ్గరి స్టాండులో, అందరికీ కనపడేలా నిలబెట్టింది.

“అక్కా, అది మనది!”

“అన్నీ కోసినవాడు ఇదొక్కటి వదులుతాడా? నువ్వెళ్లి నీ గదిలో కూర్చో.”

ఆవిడ అలమరల మధ్య నక్కింది. ఎవరో తల్లీబిడ్డా పుస్తకం తిరగేసి, నవ్వుకుని పెట్టేశారు. తరవాత పేపరు తాతగారు వచ్చాడు. రోజూ వచ్చి పేపర్లన్నీ అక్షరం వదలకుండా చదివి, వెళ్లేటప్పుడు కుర్చీ బల్ల కిందికి నెట్టి మరీ వెళ్లే పెద్దమనిషి.

ఆయన స్టాండు దగ్గర ఆగిపోయాడు. అటూ ఇటూ చూశాడు. పుస్తకం తీసుకుని కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. మనవడి కోసమేమో అనుకుందావిడ. అంతలో ఆయన జేబులోంచి, గుడ్డలో చుట్టిన సన్నటి కత్తి బయటికొచ్చింది.

వెతకలేదు. సరిగ్గా ఆ పేజీయే తెరిచాడు. కత్తిమొన కుట్టు పక్కన ఆనించి, ఆగిపోయాడు.

ఆవిడ వెళ్లి ఎదురుగా నిలబడింది. పేజీలో అరచేతంత బుట్టలో దూరిన భారీ ఎలుగు. పొట్ట బయటికి పొంగి, ఒక కాలు గాల్లోకి లేచి, మొహం మాత్రం ఏమీ జరగనట్టు. కింద అచ్చులో ‘ఎలుక బుట్టలోకి దూరింది’ అని ఉంది. అందులో ‘క’ని ఎవరో ఎర్రరంగుతో కొట్టేసి, పైన వంకరగా ‘గు’ అని రాశారు.

“ఇదెవరు దిద్దారు?” తలెత్తకుండానే అడిగాడాయన.

“మా తమ్ముడు. అప్పటికి వాడికి అక్షరాలు కొత్త. బొమ్మ కరెక్టే, మాటే తప్పని అమ్మతో పోట్లాడాడు.”

“తప్పు బొమ్మదేనమ్మా. కథ రాసినాయనది గొలుసుకట్టు రాత. ఎలుకని ఎలుగు అని చదివి వేసేశాను. అచ్చయ్యాక చూసి, ‘ఎలుకకీ ఎలుగుకీ తేడా తెలీదా?’ అన్నాడు. పోయేదాకా మళ్లీ నా మొహం చూడలేదు. నాకూ చూపు మందగిస్తోంది. నేను పోయేలోపు ఈ ఒక్క తప్పూ లేకుండా చేద్దామని...”

ఈయనా, అట్ట మీది ఆ చీమ? అనుకుందావిడ.

“మరి అంచు ఎందుకు వదిలారు?”

“జత కాగితం ఊడితే పుస్తకం పాడైపోదూ? కోసినవన్నీ ఇంట్లోనే ఉన్నాయి. ఒక్కటీ చింపలేకపోయాను.”

“తాతగారూ, ఆ ఎలుగుని చూసే నేను చదవడం నేర్చుకున్నాను. మా తమ్ముణ్ని ఇప్పటికీ ఎలుగూ అనే పిలుస్తాను. వాడే ఇక్కడి బైండరు. మీరు చేసిన కోతలకి వాణ్ని దొంగంటున్నారు.”

కత్తి బల్ల మీద పడింది. “నా మూలంగానా?”

పెద్దసారు ఫోన్ పట్టుకుని గదిలోంచి వచ్చాడు. వెనకే తల వంచుకుని బైండరు.

“ఏమ్మా, దొరికాడా?”

ఆవిడ తమ్ముణ్ని చూసింది. తాతగారిని చూసింది.

తాతగారే లేచాడు. అలవాటుగా కుర్చీ బల్ల కిందికి నెట్టాడు. ఎర్రరంగు ‘గు’ మీద ఒకసారి వేలు పెట్టి, పుస్తకం మూసి బైండరు చేతికిచ్చాడు.

“చీమ,” అన్నాడు.

“చీమేంటండీ?” అన్నాడు పెద్దసారు చిరాగ్గా.

ఆయన అట్ట మీది ఆవగింజంత బొమ్మని చూపించాడు.

“ఆ పేజీలు కోసింది చీమ. అంటే, నేనే.”